"మీ దగ్గరే ఉండనీయండి సార్"

పోయిన నెల ఖతార్‌లో మా కూలీల క్యాంపుకు కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు, మలయాళీ. మూడో రోజే మా పాస్‌పోర్టులన్నీ ఒక సంచిలో తెచ్చి పేరుపేరునా పిలిచి చేతికిచ్చాడు. నా వంతు రాగానే "మీ దగ్గరే ఉండనీయండి సార్" అనేశాను. ఆయనకు కోపమొచ్చింది. "ఇది నీది. ఇంకెవరికీ ఇవ్వకు" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడి 2015 చట్టం ప్రకారం పనివాడు రాసిచ్చి అడిగితే తప్ప కంపెనీ పాస్‌పోర్టు పట్టుకోకూడదు. వచ్చిన రోజు మేమేదో కాగితం మీద సంతకాలు పెట్టాం, అందులో ఏముందో ఎవరూ చదవలేదు. అదంతా సరే, ఇచ్చినదాన్ని కూడా వద్దని నేనెందుకన్నాను?

మాది మక్తల్ వైపు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మా నాయిన మహారాష్ట్రలో కాల్వ పనులకు పోయేవాడు. మా రేషన్ కార్డు మేస్త్రీ ట్రంకు పెట్టెలోనే ఉండేది. మా నాయనమ్మ పోయినప్పుడు మేస్త్రీ "లెక్క తేలలేదు" అన్నందుకు నాయిన దినాలకు కూడా అందలేదు. ఆయన్ను ఎవరూ తాడుతో కట్టెయ్యలేదు. అట్ట చిరిగిన ఒక నోటుబుక్కులో ఆయన వేలిముద్ర ఉండేది, అంతే.

మన రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల్ని అమ్మడం కొనడాన్ని, వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. అది సర్కారుకే కాదు, మేస్త్రీకీ వర్తిస్తుంది. వెట్టి అప్పులు చెల్లవని 1976లో చట్టమొచ్చింది. ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) కట్టడాల కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు, గతిలేక కనీస కూలి కన్నా తక్కువకు పనిచేసినా అది బలవంతపు చాకిరీయేనని చెప్పింది. అంటే ఆకలి కూడా బలవంతమే. ఇవన్నీ మా నాయిన మొదటి అడ్వాన్సు తీసుకోకముందే ఉన్నాయి! మాకు చెప్పినవాళ్లే లేరు.

అట్లని మా నాయినను వెట్టివాడని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆయన మాట తప్పని మనిషి. ఆ మేస్త్రీ కూడా మా ఊరివాడే, అమ్మకు జ్వరమొస్తే బియ్యం పంపినవాడు, ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ మంచితనానికే కదా మేం కదలకుండా ఉండిపోయింది. నేనూ ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టి వచ్చాను, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి.

పాస్‌పోర్టు చేతికొచ్చిందని మొన్న శుక్రవారం ఫోన్లో నాయినకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అయితే లెక్క తేలిందా బిడ్డా?"

"ఇంకా నలభై వేలుంది నాయినా."