ఆగర్ తిరిగొచ్చింది

లైట్ తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచొచ్చి టైప్ చేస్తున్నా, ఇది కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి ఐస్‌లో బెజ్జం వేసే బర్మా ఉంటుంది కదా, ఆగర్ అంటారు. శనివారం పట్టుకెళ్ళిన ఆగర్‌ని అన్నయ్యగారు ఇవాళ తెచ్చిచ్చారట. అంటే నేను ఆఫీసులో ఉండగా గ్యారేజ్‌లో గోడకి ఆనించేసి వెళ్ళిపోయారు. బ్లేడ్లు కిందకి. కాంక్రీట్ మీద. వాటి తొడుగు లేదు, ఏమైందని అడగడానికి నాకు మొహమాటం, మా ఆయనకి బద్ధకం. పక్కనే వదిన పంపిన పులిహోర డబ్బా ఒకటి. అది తిన్నాక ఇంక ఫోన్ చేసి నాలుగు మాటలు ఎలా అంటాం చెప్పండి.

పొద్దున మైనస్ 18 ఫారెన్‌హీట్, మన సెల్సియస్ లెక్కలో మైనస్ 28. గ్యారేజ్‌లో కూడా అంతంత మాత్రమే. మర చుట్టూ పట్టిన తడి మంచు తుడవకుండా వదిలేస్తే ఏమవుతుంది, రాయైపోయింది. దాన్ని రాల్చడానికి ఐస్‌కేసి బాదినట్టున్నారు, ఒక బ్లేడు అంచు మీద గోరు పెట్టి చూస్తే అక్కడక్కడా తట్టుకుంటోంది. పైగా బండి దిగిన చోటే బెజ్జం వేసుంటారు, నాలుగడుగులు నడవడానికేం రోగం. ఒడ్డు దగ్గర ఐస్ చూడ్డానికి తెల్లగానే ఉంటుంది గానీ ట్రక్కుల కింద నుంచి రాలిన ఇసుకా మట్టీ అంతా అందులోనే ఉంటాయి, ఆ ఇసుక తగిలిందా బ్లేడు పని అయిపోయినట్టే. పదునుంటే ఐస్ కొబ్బరి కోరినట్టు పైకి వస్తుంది. మొద్దుబారితే మోటర్ మూలుగుతుంది తప్ప కిందకి దిగదు. పోనీ ఇంట్లో ఆకురాయి మీద నూరుకుందామా అంటే ఆ అంచు వాలు కాస్త తేడా వచ్చినా ఇంక అసలే కొయ్యదు. కొత్త సెట్ కొనాల్సిందే.

బ్యాటరీ సంగతి ఇంకా ఘోరం. చలిలోంచి తెచ్చినదాన్ని తెచ్చినట్టు గ్యారేజ్‌లోనే ఛార్జర్‌కి పెట్టారు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చెయ్యకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుపోతుంది, తర్వాత ఎంత వెచ్చబెట్టినా అది పూర్తిగా బాగవదు. నయం, మా ఛార్జర్ ఒప్పుకోలేదు, ఎర్ర లైటు కొట్టుకుంటూ కూర్చుంది. ఆ మాత్రం బుద్ధి... సరే వద్దులే, పెద్దాయన.

"ఇనప సామానుకి ఇంత రాద్ధాంతమా" అన్నాడు మా ఆయన, దుప్పట్లోంచే. ఐస్ మీద ఎప్పుడైనా కాలు పెట్టిన మొహమైతే కదా.

ఇంక జన్మలో ఎవరికీ ఇవ్వకూడదు అనుకుంటూ పడుకున్నానా, అప్పుడు గుర్తొచ్చింది మా పాత ఆఫీసు ఆవిడ. మిన్నెసోటాలో నా మొదటి చలికాలం, మిల్ లాక్స్ లేక్ మీద, నా ఒంటి మీద కోటు తప్ప మిగతావన్నీ ఆవిడవే. ఆవిడ టెంటు, ఆవిడ ఆగర్, కూర్చున్న బకెట్ కూడా ఆవిడదే. గాలం రీల్ ఒక్కటి నేను ముచ్చటపడి కొనుక్కెళ్తే కాసేపటికే బిగుసుకుపోయింది, ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన గ్రీజు ఆ చలికి జిగురైపోయిందిట. రాడ్ కొసన రింగుల్లో ఐస్ పేరుకుని దారం కదలట్లేదు, నేను గ్లౌజు తీసి వేళ్ళతో నలుపుతుంటే ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టి రాడ్ కొస తీసి బెజ్జంలో నీళ్ళలో ముంచింది. నీళ్ళు సున్నా దగ్గరే ఉంటాయి, గాలి దానికన్నా ఎంతో చల్లన, అందుకని ఐస్ ఊడొచ్చింది. ఆ సాయంత్రం వాళ్ళింటికి తీసుకెళ్ళి, వంటింటి బల్ల మీద పేపర్ పరిచి, నా రీల్ విప్పి, పాత గ్రీజంతా కడిగి పారేసి, పల్చటి ఆయిల్ ఒక్క చుక్క వేసి బిగించి ఇచ్చింది. ఆగర్ నా చేత తుడిపించింది. బ్లేడ్లు ఆరబెట్టి, నూనె గుడ్డతో రాసి, తొడుగు వేసేదాకా కాఫీ ఇవ్వలేదు. టెంటు బేస్‌మెంట్‌లో పరిచి ఆరబెట్టించింది, తడిది మడిస్తే బూజు పడుతుందని. ఆవిడ రిటైరై అరిజోనా వెళ్ళిపోయింది, అక్కడ ఐస్ ఫ్రిజ్‌లోనే.

కాబట్టి ఇవ్వనని అనలేను. ఇచ్చే పద్ధతిలో ఇవ్వాలి, ఎదురుగా నిలబడి తుడిపించుకోవాలి. కానీ అన్నయ్యగారి చేత తుడిపించడమా, మా అత్తగారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా. అయినా అసలు ఇచ్చిందెవరు? నన్ను అడక్కుండా "తీసుకెళ్ళండి, దానిదేముంది" అన్నది మా ఆయనే. దానివల్ల ఆదివారం నేను చేత్తో తిప్పే ఆగర్‌తో 18 అంగుళాల ఐస్ కొయ్యాల్సొచ్చింది, భుజాలు ఇంకా పట్టేసే ఉన్నాయి. క్రాపీ చేపలు పడ్డాయి, వేపుడు బావుంది, సరే.

ఆగర్‌ని బాత్‌టబ్‌లో పెట్టి, ఐస్ కరిగాక తుడిచి నూనె రాశా. బ్యాటరీ హాల్లో గది వేడికి వస్తోంది. టెంటు ఇంకా బేస్‌మెంట్‌లో పిల్లల ట్రెడ్‌మిల్ మీద వేలాడుతోంది, దాని మీద రేపు ఎలాగూ గొడవ ఉంది.

ఇప్పుడే ఫోన్ చూశా. శనివారం మళ్ళీ ఆగర్ కావాలని వదిన మెసేజ్, కింద మా ఆయన బొటనవేలు పెట్టేశాడు. ఈసారి చేత్తో తిప్పేదే ఇస్తా. అన్నయ్యగారికి భుజం నొప్పి అంటుంటారు, పాపం. ఏమో, పొద్దున ఆలోచిస్తా.