ముప్పై నుంచి సున్నాకు

వాంకూవర్‌కు దక్షిణాన, సముద్రపు ఒడ్డున ఉన్న బౌండరీ బే విమానాశ్రయంలో నేను ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. మా చిన్న శిక్షణ విమానాలైన సెస్నా 172లలో, ఇంజిన్ నడిచిన సమయాన్ని లెక్కగట్టే హాబ్స్ మీటరు చూపిన లెక్కనే బిల్లు పడుతుంది కనుక, పొలం కుదువబెట్టి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన కుర్రాడి చూపు సగం ఆ మీటరు మీదే ఉంటుంది. దిగడం సరిగ్గా కుదరదని తెలిసినా, మళ్లీ పైకి లేచి మరో చుట్టు తిరగడానికి అతనికి మనసొప్పదు.

రెక్కల వెనుక అంచున కిందికి వంగే పలకలే ఫ్లాప్స్. కొత్తవారు వాటిని బ్రేకులనుకుంటారు. అవి కిందికి వంగినప్పుడు డ్రాగ్ (విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం) ఒక్కటే కాదు, లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) కూడా పెరుగుతుంది. 172ఎస్ మోడల్‌లో ఫ్లాప్స్ దించకుండా 48 నాట్ల వేగం వద్ద స్టాల్ అయ్యే, అంటే లిఫ్ట్ చాలక కుంగిపోయే విమానం, పూర్తిగా 30 డిగ్రీలు దించితే 40 నాట్ల దాకా నిలబడుతుంది. వేగం పెరగకుండానే మరింత ఏటవాలుగా దిగవచ్చు, ముక్కు కిందికి ఉంటుంది కాబట్టి రన్‌వే కూడా బాగా కనిపిస్తుంది. మొదటి 10, 20 డిగ్రీలలో లాభం ఎక్కువగా లిఫ్ట్‌దే, ఆ పైన దించేదంతా దాదాపు డ్రాగ్ కోసమే. పాత 172లలో 40 డిగ్రీల వరకు దించే వీలుండేది. అంత దించి మళ్లీ పైకి లేవాలంటే విమానం ఈడ్చుకుంటూ ఎక్కేది. 1981లో వచ్చిన 172పీ నుంచి దాన్ని 30కే పరిమితం చేశారు, మంచి పనే చేశారు.

ఒక మధ్యాహ్నం పక్కగాలి విసురుగా ఉంది. అలాంటప్పుడు రన్‌వే పొడవుకు సరిపడినంత తక్కువ ఫ్లాప్స్ వాడమని విమానం హ్యాండ్‌బుక్కే చెబుతుంది, నేనైతే 20తో ఆగేవాణ్ణి. నా విద్యార్థి అలవాటు కొద్దీ 30 దించాడు, నేనూ చూద్దామని ఊరుకున్నాను (ఆ ఊరుకోవడం నా తప్పే). చక్రాలు నేలకు తగిలి విమానం ఎగిరిపడింది. "గో అరౌండ్" అన్నాను, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవమని. అతను ఇంజిన్ పవర్ పెంచే థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి, అదే ఊపులో ఫ్లాప్స్ మీటను 30 నుంచి సున్నాకు నెట్టేశాడు. వేగం 50 నాట్లు దాటలేదు. ఫ్లాప్స్ పైకి ముడుచుకుంటున్న కొద్దీ సీటు కింద నుంచి ఎవరో నేలను లాగేసినట్లు విమానం కుంగింది, స్టాల్ దగ్గరపడిందని హెచ్చరించే హార్న్ మూలగసాగింది. మీటను 20కి తెచ్చి, ముక్కు కాస్త దించి పట్టుకున్నాను.

"డ్రాగ్ తీసేస్తే తొందరగా ఎక్కుతుందనుకున్నానన్నా," అన్నాడు, పైకి వచ్చాక. అతని తర్కం సగం సరైనదే. డ్రాగ్‌తోపాటు, మమ్మల్ని గాలిలో నిలిపిన లిఫ్ట్ కూడా పోయిందన్నది మిగతా సగం. ముందు పూర్తి పవర్, వెంటనే ఫ్లాప్స్ 20 డిగ్రీలకు, వేగం 60 నాట్లు అందుకున్నాక 10కి, ఎదురుగా అడ్డేమీ లేదని తేలాకే సున్నాకు.

ఆ రోజు అదే గో అరౌండ్‌ను మరో మూడుసార్లు చేయించాను. బిల్లు కట్టేటప్పుడు అతను నా ముఖంకేసి చూడలేదు.