ఎన్విరాన్‌మెంట్ బిట్లు: జవాబు కింద ‘ఎందుకు’ కూడా రాసుకోండి

గ్రూప్స్‌కి చదువుతున్న ఉమ్మడి నల్గొండ, పాలమూరు మిత్రులకు ఒక మాట. మనకు సముద్రం లేదు. అందుకేనేమో, మెరైన్ టాపిక్ రాగానే మన రీడింగ్ రూముల్లో చాలామంది బిట్ బ్యాంక్ తీసి బట్టీ పడతారు. స్టేట్‌మెంట్ ప్రశ్న వస్తే ఆ బట్టీ అక్కరకు రాదు. నేను ప్రతి బిట్ కింద ‘ఎందుకు’ అని వేసి, సొంత మాటల్లో నాలుగు లైన్లు రాసుకున్నాను. నాకు బాగా పనికొచ్చింది ఆ నోట్సే.

అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతంలో లవణీయత ఎందుకు తక్కువ? తంగిడి దగ్గర మన నేలలో అడుగుపెట్టే కృష్ణ, చివరికి హంసలదీవి దగ్గర కలిసేది బంగాళాఖాతంలోనే. గోదావరి, గంగ, బ్రహ్మపుత్ర కూడా అటే. అరేబియా వైపు నదుల నీరు తక్కువ, ఆవిరయ్యేది ఎక్కువ. ఇక్కడితో ఆపొద్దు. ఉప్పు తక్కువున్న నీరు తేలిక కాబట్టి పైపొరగా నిలుస్తుంది, కింది చల్లటి నీటితో తొందరగా కలవదు, అందుకే పైన వేడి తగ్గదు. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువ రావడానికి ఇదీ ఒక కారణం. అంటే డిజాస్టర్ మేనేజ్‌మెంట్ బిట్ కూడా ఇందులోనే వచ్చేసింది.

యూట్రోఫికేషన్‌కి, అంటే పోషకాలు ఎక్కువై నీళ్లలో నాచు విపరీతంగా పెరగడానికి, మన చెరువే చాలు. పొలాల నుంచి యూరియా, డీఏపీ కొట్టుకొచ్చి నీళ్లు పచ్చగా అవుతాయి. నాచు ఆక్సిజన్ ఇస్తుంది కదా, మరి చేపలు ఎందుకు చస్తాయి? రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, శ్వాసక్రియ మాత్రం ఆగదు. చచ్చిన నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌నూ తాగేస్తుంది. తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, చేపలు పట్టేవాళ్లకు విషయం అర్థమైపోతుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని డెడ్ జోన్‌కి (ఆక్సిజన్ చాలక జీవులు బతకలేని చోటు) కారణం కూడా ఇలా ఎరువులు కొట్టుకురావడమే. బీఓడీ (నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్) ఎక్కువైతే కాలుష్యం ఎక్కువ అన్నది ఇక బట్టీ పట్టాల్సిన పని లేదు.

‘సముద్రాలు ఆమ్లంగా మారాయి’ అని స్టేట్‌మెంట్ ఇస్తే తప్పు అని పెట్టండి. పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది, ఇప్పటికీ క్షారమే. కానీ అది లాగరిథమిక్ స్కేలు, అంటే ఒక్క అంకె తేడా పదిరెట్లతో సమానం; 0.1 తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతం పైనే పెరిగినట్టు. అవి కార్బొనేట్‌ను పట్టేసుకోవడంతో గవ్వలకు, పగడాలకు కట్టుకునే సరుకు తగ్గుతుంది. కోరల్ బ్లీచింగ్ (పగడాలు రంగు పోయి తెల్లబడటం) వేరు, దానికి ముఖ్య కారణం వేడి.

ఇక నల్గొండ టెక్నిక్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయినవాళ్లను కళ్లారా చూసిన ఊళ్ల నుంచి వచ్చి, ఈ బిట్ దగ్గర తడబడొద్దు. ఇది నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతి. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరాక వడకడతారు. పటిక నుంచి వచ్చే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టె ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి చేరుతుంది. ఫ్లోరైడ్‌ను తీసేది ఏది అని అడిగితే, ఆప్షన్లలో బ్లీచింగ్ పౌడర్ కనబడగానే టిక్ పెట్టేయకండి, అది క్రిములను చంపడానికి వేసేది.