హెల్మెట్‌కి తోటకూర

పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసుకి బయల్దేరుతూ ఆయన హెల్మెట్ పెట్టుకున్నారు. పెట్టుకున్నట్టే పెట్టుకుని వెంటనే తీసేశారు. చెవి మీద తడిగా ఒక తోటకూర ఆకు అతుక్కుని ఉంది. హెల్మెట్ లోపల ఇంకో గుప్పెడు ఉంది, కాడలతో సహా. కూరకని అత్తయ్య కడిగి పళ్ళెంలో పెట్టుకున్న తోటకూర అది.

చిట్టి గుమ్మం పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తోంది. ఆయన ఆకులు ఏరడం మొదలుపెట్టగానే పెద్దగా ఏడుపు.

"నాన్నా! బాతేలు బువ్వ! బాతేలు బువ్వ!"

తాబేలు నోట్లోంచి నాన్న అన్నం లాగేసుకుంటున్నాడని దాని బాధ. హెల్మెట్ అద్దం పైకెత్తి, ఆ సందులోంచి ఒక్కొక్క ఆకూ లోపలికి తోసి, తాబేలుకి పొద్దున్న పూట తిండి పెట్టుకుంది పాపం. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఖాళీ పళ్ళెం చూశారు. "ఓలమ్మ! నాను కడిగి పెట్టిన తోటకూరేటే ఇది? పోన్లే, నోరులేని జీవికి పెట్టీసింది" అని మనవరాలిని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నారు. ఆయన ఆకులన్నీ చిట్టి చేతిలో పెట్టి, "తాబేలుకి ఆఫీసు టైమైపోయిందమ్మా, సాయంత్రం వచ్చి తింటుంది" అన్నారు. ఏడుపు ఆగింది. వీధి గుమ్మం దగ్గర "టాటా బాతేలు" అని చెయ్యి ఊపింది. నాన్నకి టాటా చెప్పలేదు.

దీనికంతటికీ కారణం పోయిన నెల శ్రీకూర్మం వెళ్ళి రావడం. ఇక్కడ శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. కూర్మనాథస్వామి దర్శనం చేసుకున్నాం, రెండు ధ్వజస్తంభాలూ చూపించాం, అదేమీ దానికి పట్టలేదు. గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్ళ దగ్గర మాత్రం కాలు కదపలేదు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి, చూస్తూ ఉండిపోయాను నేను కూడా. ఒకటి మెడ బయటికి చాచి ఆకు కొరికింది. చిట్టి ఊపిరి బిగబట్టింది. తాబేలు నమిలినంతసేపూ ఇదీ నోరు ఆడించింది. అప్పటి నుంచి గుండ్రంగా బోర్లించి ఉన్నదల్లా బాతేలే. కొబ్బరిచిప్ప, వంటింట్లో బోర్లించిన మూకుడు, నేల మీద పెట్టిన హెల్మెట్. మొన్న ఎవరో పనసకాయ తెచ్చి ఇస్తే దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ముళ్ళు ముట్టుకుని చూసి, "బాతేలు నాన్న" అని తేల్చింది.

తాబేలు అనడం రాదు. "తా"నీ "బా"నీ తిరగేసేస్తుంది. ఈ తిరగెయ్యడం దానికి అలవాటే. పడవ పవడ. చెప్పులు పెచ్చులు. కొన్ని మాటల్లో "క" పలకదు, అక్కడ "త" పెడుతుంది, అందుకే కాకి తాతి అయిపోయింది, కుక్క తుత్త అయిపోయింది. "ర" ఇంకా రాలేదు. కరెంటు పోయినప్పుడల్లా ఇంట్లో అందరికంటే ముందు "తలెంతు పోయింది" అని ప్రకటిస్తుంది.

ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. దాని మొదటి పుట్టినరోజు అయిన మర్నాడు మొదలుపెట్టాను. మాట, తేదీ, ఎవరితో ఎప్పుడు అంది. రెండేళ్ళు వచ్చేసరికి యాభై మాటలైనా పలకాలి, రెండేసి మాటలు కలపడం మొదలవ్వాలి అని పిల్లల డాక్టరు చెప్పినప్పుడు కొంచెం టెన్షన్ పడ్డాను. ఇంటికొచ్చి పుస్తకం తీసి లెక్కపెడితే 112 ఉన్నాయి. ఇప్పుడు రెండేళ్ళ రెండు నెలలు. లెక్క పెట్టడం మానేశాను, అంత వేగంగా వస్తున్నాయి.

మాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాని "నీకు". మేమందరం దానితో "నీకు బువ్వ కావాలా, నీకు నీళ్ళు కావాలా" అంటాం కదా. అందుకని దాని లెక్కలో "నీకు" అంటే అదే. దాహం వేస్తే నా దగ్గరకొచ్చి "నీకు నీళ్ళు కావాలి" అంటుంది. నిద్రొస్తే "నీకు జోజో". ఈవేళ మధ్యాహ్నం నేను జామకాయ తింటుంటే ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ, ఎంతో ఆప్యాయంగా "నీకు జాంకాయ కావాలి" అంది. చూసేవాళ్ళకి తల్లికి జామకాయ ఇస్తున్నట్టే ఉంటుంది. మొత్తం కాయ దానికే వెళ్ళిపోయింది.

తప్పు పలికితే దిద్దను. అలాగని నేనూ "బాతేలు" అనను. "బాతేలు బువ్వ" అంటే "తాబేలు బువ్వ తింటోందా?" అని అడుగుతాను. సరైన మాట దాని చెవిన పడితే చాలు, నాలుక ఎప్పటికి తిరిగితే అప్పుడే తిరుగుతుంది. "మళ్ళీ అను, సరిగ్గా అను" అని పిల్లల్ని నిలబెట్టి అడిగితే వాళ్ళు మాట్లాడడమే తగ్గించేస్తారు. అది మాత్రం నాకు ఇష్టం లేదు.

ఒక్క మాట గురించి మాత్రం విడిగా రాయాలి. "ఏటి."

నిద్ర లేస్తూనే మొదలు. చీపురు చూపించి ఏటి, గొంగళిపురుగు చూపించి ఏటి, నా మెళ్ళో పుస్తెలు పట్టుకుని ఏటి. మామ్మ దగ్గర నేర్చుకుంది. ఆయనది రాజమండ్రిలో చదువు కాబట్టి "ఏంటి" అంటారు. చిట్టి నాన్నకి కూడా ఏటి అనే అంటుంది. కింది వాటాలో ఉండే ఆవిడ మొన్న మంచి మనసుతోనే, "ఇప్పటి నుంచీ ఏటి ఓటి అనడం మాన్పించండి, రేపు స్కూల్లో పిల్లలు నవ్వుతారు" అన్నారు. ఆవిడ ముందు ఊరుకున్నాను. లోపల మాత్రం పాత గాయం కదిలింది.

నాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. డిగ్రీకని వేరే ఊరు వెళ్ళి హాస్టల్లో చేరిన మొదటి రోజు, ఎవరో ఏదో అడిగితే వినపడక "ఏటి?" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆ తర్వాత వారం రోజులు నేను ఎదురుపడితే చాలు "ఏటి" అనేవారు. మూడేళ్ళూ ప్రతి మాటా మనసులో ఒకసారి అనుకుని, సరిచూసుకుని, అప్పుడు పైకి అనేదాన్ని. సెలవులకి ఇంటికొచ్చి "ఏంటమ్మా" అంటే మా అమ్మ నన్ను కొత్తగా చూసేది.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన ఎక్కడివారో కాదు, మా శ్రీముఖలింగం ఉన్న వైపువారే. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టారు. జనం నోట ఉన్న తెలుగులోనే పిల్లలకి చదువు చెప్పాలి, పుస్తకాలు రాయాలి అని జీవితమంతా పోరాడారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూ, కొండల్లో ఉండే సవరల భాషని వాళ్ళ దగ్గరే నేర్చుకుని, మాటలన్నీ సేకరించి రాసిపెట్టారు. ఆ సంగతి ఎప్పుడో చదివాను. చిట్టి మాటలు రాసుకుంటుంటే ఈమధ్య తరచు గుర్తొస్తోంది. విని రాసుకోవాలంటే ఎదుటి మనిషి మాట మీద ఎంత గౌరవం ఉండాలో.

బాతేలు పోతుంది. తాతి పోతుంది, తలెంతు పోతుంది, పోవాలి కూడా. ఏటి మాత్రం పోకూడదు. రేపు బడికెళ్ళి "ఏమిటి" నేర్చుకోనీ, "ఏంటి" నేర్చుకోనీ, వాటితో పాటు ఇదీ ఉండనీ. మామ్మ ఒళ్ళో కూర్చున్నప్పుడు ఏ మాట నోటికి వస్తుందో ఆ మాటకి సిగ్గుపడే రోజు దానికి రాకూడదు.

మళ్ళీ పొద్దున్న సంగతికి వస్తాను. పదింటికి అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను, బరువు చూస్తామన్నారు. తూకం మీద కూర్చోనంది. బొమ్మని ముందు కూర్చోబెట్టమంది. టీచరమ్మ ఏమాత్రం విసుక్కోకుండా బొమ్మని కూర్చోబెట్టి, ముల్లు కదలకపోయినా "రెండు కిలోలు, బాగుంది" అన్నారు. అప్పుడు ఎక్కింది. పది కిలోల ఎనిమిది వందలు. కార్డులో చుక్క పెడితే ఆకుపచ్చ రంగులోనే పడింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చాక చోడి అంబలి ఇచ్చాను. టీవీలో రాగి జావ అని చెప్పేది ఇదే, మా ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుందట, పాలకంటే బాగా ఎక్కువ. అత్తయ్యకి ఈ లెక్క చెప్తే, "మరి మేం గట్టిగా ఉన్నామంటే ఎలగ ఉన్నామనుకున్నావు?" అన్నారు. చిట్టి సగం గ్లాసు తాగి, మిగతాది బోర్లించిన మూకుడు మీద పోసింది. తాబేలు వాటా.

మధ్యాహ్నం అంతా వాన. నాలుగు రోజులుగా బట్టలు ఆరడం లేదు. హాల్లో తాడు కట్టి ఫ్యాన్ కింద దాని గౌన్లు ఆరేస్తే వాటి మధ్య నుంచి దాగుడుమూతలు. కళ్ళు మూసుకుంటే చాలు, తను ఎవరికీ కనిపించదని దాని నమ్మకం. హాలు మధ్యలో కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది. "చిట్టి ఏదీ? చిట్టి ఎక్కడికెళ్ళిపోయింది?" అని అత్తయ్యా నేనూ మంచం కిందా బీరువా వెనకా వెతికాం. పది నిమిషాలు వెతికాం. ఒక్క పెదవి చివర నవ్వు ఆపుకోలేక వణుకుతోంది.

అయిదింటికి వాన వెలిసింది. ఏటి గట్టు వైపు తీసుకెళ్ళాను. నాగావళి ఎర్రగా, నిండుగా పారుతోంది. బలరాముడు నాగలితో గీస్తే పుట్టిన ఏరు అని మా వైపు చెప్తారు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, ఇంత దూరమూ వచ్చి, మా ఊరు దాటాక కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిట్టి నా చంకలోంచి వేలు చూపించింది.

"అమ్మా, ఏటి?"

"ఏరమ్మా."

"ఏటి?"

"ఏరు."

"ఏటి!"

నాకు అప్పుడు వెలిగింది. ఏటి ఒడ్డు, ఏటి నీరు, ఏటి గట్టు. ఇన్నేళ్ళుగా రెండు మాటలూ నా నోట్లోనే ఉన్నాయి, ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. "అవునే తల్లీ, ఏటే" అని గట్టిగా హత్తుకున్నాను. ఎందుకు హత్తుకున్నానో దానికి తెలియలేదు. నీళ్ళు అలా వెళ్ళిపోతుంటే చూసి "నీళ్ళు టాటా" అంది. చీకటి పడేదాకా ఏటికి టాటా చెప్తూనే ఉంది. ఇంటికి రాగానే అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. సంధ్య వేళ నీటి దగ్గరకి తీసుకెళ్ళినందుకు నాకు రెండు అక్షింతలు పడ్డాయి.

రాత్రి పడుకునే ముందు మామ్మ కథ. పాలసముద్రం కథే, శ్రీకూర్మం వెళ్ళొచ్చాక ఇంకో కథ వినదు. "దేవుళ్ళు ఒకేపు, రాక్షసులు ఒకేపు పట్టుకుని కొండతో సిలుకుతన్నారు. కొండ ములిగిపోతంది. అప్పుడు దేవుడేటి సేసేడు? తాబేలైపోయి కిందకెళ్ళి ఈపు మీద మోసీసేడు."

"బువ్వ?" అని అడిగింది చిట్టి. అంత బరువు మోస్తున్న తాబేలుకి ఎవరు అన్నం పెట్టారని. అత్తయ్య కాసేపు ఆలోచించి, "అమృతం వొచ్చేక దానికీ పెట్టుంటార్లే" అన్నారు. అది ఒప్పుకుంది. ఒప్పుకుని, ఆవులించి, మెల్లగా తనలో తను అన్నట్టు అంది.

"తాబేలు."

అత్తయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం. మళ్ళీ అడగలేదు. అడగకూడదన్నది నేను పెట్టుకున్న నియమమే కదా. అయినా ఉండలేకపోయాను. తలుపు పక్కన ఆయన పెట్టిన హెల్మెట్ చూపించి, "మరి అదేటి?" అన్నాను.

"తాబేలు" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసి. తర్వాత లేచి కూర్చుంది. "తాబేలు జోజో" అంది. దుప్పటి కప్పమంది.

కప్పాను.