మిరప పేజీలు రెండు ఇండెక్స్ అయ్యాయి, తొమ్మిదిలో ఏడు ఇంకా బయటే ఉన్నాయి

అక్టోబరు 29, 2025

నిన్న రాత్రి సెర్చ్ కన్సోల్ (మన సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపే సాధనం) తెరిచినప్పుడు మిరప ఆకుముడత పేజీ ఇండెక్స్ అయినట్టు, అంటే గూగుల్ తన ఫలితాల్లో చూపే జాబితాలో చేరినట్టు కనిపించింది. మిరప పేనుబంక పేజీ అంతకు ఐదు రోజుల ముందే చేరింది. నా మిద్దె తోట సైటులో ఉన్న 64 పేజీల్లో తొమ్మిది పేజీలు ‘క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ (గూగుల్ చదివింది గాని చేర్చుకోలేదు) అనే వరుసలో ఇరుక్కుపోయి ఉండగా, ఏడు వారాలకు పైగా వాటి వెంటే తిరుగుతున్న నాకు ఆ రెండు పేజీలు ఎంత సంతోషాన్ని ఇచ్చాయో చెప్పలేను. మిగిలిన ఏడు ఎందుకు రావడం లేదన్న ప్రశ్న మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు.

ఈ నెలలో సవ్యంగా జరిగినవి ముందు చెబుతాను. శీర్షికలకు మండలి అనే ఫాంటును ముందుగానే లోడ్ చేయించడంతో సీఎల్‌ఎస్ (పేజీ తెరుచుకునేటప్పుడు అందులోని సరుకు ఎంత కదులుతుందో చెప్పే కొలత) 0.21 నుంచి 0.04కు దిగింది. వాట్సాప్‌లో లింకుతో పాటు రావలసిన బొమ్మ, దాని పరిమాణాన్ని 1.1 ఎంబీ నుంచి 240 కేబీకి తగ్గించాక కనిపిస్తోంది.

ఇక ఆ తొమ్మిది పేజీల సంగతి. టమాటా, వంకాయ, మిరప మొక్కలకు వచ్చే సమస్యల మీద మూడేసి వ్యాసాలు రాశాను. ప్రతి శీర్షికా ‘మిద్దె తోటలో టమాటా మొక్కలకు’ అన్న తీరులోనే మొదలవుతుంది. మొదటి అనుమానం స్లగ్ (పేజీ చిరునామాలో శీర్షిక నుంచి తయారయ్యే చివరి భాగం) మీదికి పోయింది. తెలుగులో ప్రతి హల్లూ, ప్రతి గుణింతపు గుర్తూ, ప్రతి పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి. కంప్యూటరు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, యూఆర్‌ఎల్‌లో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు స్థానాలు తీసుకుంటుంది కనుక ఒక్కో గుర్తుకు తొమ్మిది స్థానాలు పోతాయి. సైటు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో స్లగ్‌కు 200 స్థానాల హద్దు ఉంది. ‘మిద్దె-తోటలో’ అన్నంత మాత్రాననే సరిగ్గా 100 స్థానాలు అయిపోతాయి. ‘టమాటా’ చేరితే గీతతో కలిపి 146, ఆ తరువాత గీత, ‘మొక్క’ చేరితే 192. ఇంకొక్క ‘ల’ చేర్చినా 201 అవుతుంది కాబట్టి అక్కడే తెగిపోతుంది. అంటే ఆకుముడత, కాయకుళ్లు, పూత రాలడం అన్న అసలు మాటల్లో ఒక్కటి కూడా చిరునామాలోకి రాలేదు. మూడు వ్యాసాలకూ ఒకే స్లగ్ వచ్చి, రెండో దానికి 2, మూడో దానికి 3 తగిలాయి. ఈ హద్దు తెలిసి కూడా అంత పొడవు శీర్షికలు పెట్టింది నేనే.

సెప్టెంబరు 6న టమాటా పేజీలు మూడింటికీ రోమన్ లిపిలో రెండు మూడు మాటల స్లగ్‌లు ఇచ్చి, పాత చిరునామాలకు 301 మళ్లింపు (అక్కడికి వచ్చినవారిని శాశ్వతంగా కొత్త చిరునామాకు పంపే ఏర్పాటు) ఉందో లేదో ఒక్కొక్కటిగా సరిచూసి, వంకాయ, మిరప పేజీలను పోలిక కోసం ముట్టుకోకుండా వదిలేశాను. గూగుల్‌బాట్ (పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రాము) ఐదో రోజున కొత్త చిరునామాలకు వచ్చినట్టు, సైటుకు ఎవరెప్పుడు వచ్చారో నమోదు చేసే సర్వర్ లాగ్‌లో ఉంది. 28 రోజులు ఆగాను. మూడూ అదే వరుసలో ఉండిపోయాయి. పొట్టి చిరునామా పంచుకోవడానికి బాగుంటుంది కనుక దానిని అలాగే ఉంచాను గాని, ఇండెక్స్ కాకపోవడానికి స్లగ్ కారణం కాదని ఈ పరీక్షతో నాకు నమ్మకం కుదిరింది.

బింగ్ ఇచ్చిన సాక్ష్యం కూడా అటే చూపింది. ఇండెక్స్‌నౌ (కొత్త పేజీల సంగతి సెర్చ్ ఇంజన్లకు తెలియజేసే పద్ధతి) ద్వారా పంపిన వారంలోపే తొమ్మిదింటినీ బింగ్ తీసుకుంది. గూగుల్ ఆ పద్ధతిని వాడదు కనుక రెండింటినీ నేరుగా పోల్చలేము గాని, బాట్‌లను ఆపగల రోబోట్స్ ఫైలులో అడ్డంకి, పేజీని చేర్చవద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగు, అసలు చిరునామాగా మరొకదాన్ని చూపే తప్పు కెనానికల్ వంటివి నా వైపు ఉంటే అక్కడ కూడా ఇబ్బంది కనిపించి ఉండేదని నా ఊహ. సైటులో దోషాలు వెతికే స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత రూపంతో సైటు మొత్తం మరోసారి జల్లెడ పట్టాను. 500 యూఆర్‌ఎల్‌ల వరకు అది ఉచితం, నాబోటి వారికి అంతకు మించి అవసరం లేదు. దోషమేదీ దొరకలేదు.

రెండో అనుమానం లోపలి లింకులు. అక్టోబరు 5న వంకాయ పేజీలు ఒక్కొక్కదానికి, ఇప్పటికే ఇండెక్స్ అయిన ఆరు వ్యాసాల నుంచి, వాక్యం మధ్యలో సహజంగా ఇమిడేలా లింకులు ఇచ్చాను. మార్పు కనిపించింది. అంతకు ముందు నెలకు ఒకసారి వచ్చే బాట్ మూడు వారాల్లో నాలుగుసార్లు వచ్చింది. కాయతొలుచు పురుగు పేజీ 14వ తేదీన ఇండెక్స్‌లో చేరింది, 23న మళ్లీ బయటికి పోయింది. తొమ్మిది రోజులు లోపల ఉండి పోవడం అసలు చేరకపోవడం కన్నా ఎక్కువ బాధ పెట్టింది గాని, ఆ పోవడం అప్పటికే నాకున్న మూడో అనుమానాన్ని బలపరిచింది. బాట్ రాగలుగుతోంది, చదవగలుగుతోంది, చదివాక ఉంచుకోదగినది కాదని తీర్మానిస్తోంది. అంటే లోపం వ్యాసంలోనే ఉండాలి.

ఆ అనుమానంతోనే, అంతకు ముందే కూర్చుని మాటలు లెక్కపెట్టాను. ఒక్కో వ్యాసం సుమారు 430 మాటలు. మొదటి 190 మాటలు ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపే పాళ్ల గురించి, చివరి 70 మాటలు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి చల్లే పద్ధతి గురించి. ఈ 260 మాటలు తొమ్మిది పేజీల్లోనూ పొల్లు పోకుండా ఒకటే. నూటికి 60 వంతులు ఉమ్మడి సరుకు కాగా, ఆ సమస్య గురించి నేను చెప్పినది 170 మాటలు మాత్రమే. కుండీ మట్టి తెలియని పాఠకుడు ఇబ్బంది పడకూడదన్న ఉద్దేశంతోనే అలా చేశాను, కాని ఆకుముడత గురించి వెతుక్కుంటూ వచ్చినవారికి అది అడ్డమే అయింది.

అక్టోబరు 12న మిరప పేజీలను తిరగరాశాను. మట్టి భాగాన్ని, వేపనూనె భాగాన్ని విడి పేజీలుగా చేసి లింకు ఇచ్చాను. నా మిద్దె మీద తీసిన నాలుగేసి ఫోటోలు, ఏ తేదీన ఏ ఆకు ఎలా మారిందన్న వివరం, చల్లిన తరువాత మూడో రోజున, ఏడో రోజున చూసినది చేర్చాను. సొంత సరుకు 170 నుంచి 520 మాటలకు పెరిగింది. పేనుబంక పేజీ 11 రోజులకు, ఆకుముడత పేజీ 16 రోజులకు చేరాయి. మిరప పేజీలకు అదనపు లింకులు ఇవ్వలేదు, స్లగ్ మార్చలేదు కనుక ఈ ఫలితం తిరగరాయడం వల్లనే వచ్చిందని అనుకుంటున్నాను. అయితే రెండు పేజీలతో తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది.

మూడోది, మిరప పూత రాలడం పేజీ, అంతే శ్రద్ధగా రాసినా రాలేదు. దీనికి నా దగ్గర ఒక ఊహ ఉంది. ఇదే విషయం మీద నిరుడు రాసిన వ్యాసం ఒకటి ఇప్పటికే ఇండెక్స్‌లో ఉంది, వెతుకులాటలన్నీ దానికే పోతున్నాయి. గడిచిన 28 రోజుల్లో దానికి వచ్చిన 1,140 ఇంప్రెషన్లలో (ఫలితాల్లో కనిపించిన సార్లలో) 910 రోమన్ లిపిలో టైపు చేసిన తెలుగు మాటలవే. ‘మిరప’కు ఐదు రకాల స్పెల్లింగులు కనిపించాయి. పాత పేజీ వాటన్నిటికీ జవాబుగా నిలబడి ఉండగా కొత్తదానికి చోటు ఎందుకు ఉండాలి? కొత్త ఫోటోలను, తేదీలను పాత వ్యాసంలోకి చేర్చి, కొత్త చిరునామాను 301తో అటు మళ్లించడమే సరి అనిపిస్తోంది.

ప్లగిన్ల గురించి ఒక మాట. పేజీ వెతుకులాటకు అనువుగా ఉందో లేదో చూసే యోస్ట్ ప్లగిన్ ఇచ్చే పచ్చచుక్క కోసం తెలుగు వాక్యాలను వంచడం నేను పూర్తిగా మానేశాను. టమాటా, టమాటాకు, టమాటాలో అన్నవి మనకు ఒకే మాట, ఆ లెక్కకు మూడు మాటలు. శీర్షిక, వివరణ, సైట్‌మ్యాప్ పనులకు మాత్రం అది నమ్మకంగా పనిచేస్తుంది. ప్రశ్న-జవాబుల స్కీమాను (అవి ఫలితాల్లోనే కనిపించేలా గూగుల్‌కు చెప్పే కోడును) కూడా తీసేశాను. 2023 ఆగస్టులో గూగుల్ ఆ ఫలితాలను పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది కనుక మన పేజీలకు అది బరువే.

సోషల్ మీడియా వైపు, యూట్యూబ్ షార్ట్స్ చూపుల సంఖ్యను రాసుకోవడం ఆపాను. 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, చూపు కింద లెక్కవేస్తున్నారు కాబట్టి, ఎంగేజ్డ్ వ్యూస్ (వెంటనే దాటేయకుండా చూసినవి) ఒక్కటే నా పుస్తకంలోకి ఎక్కుతోంది. ఇన్‌స్టాగ్రామ్ సంగతి ఎక్కువ ఆసక్తిగా ఉంది. 2025 జులై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల బహిరంగ పోస్టులు గూగుల్ ఫలితాల్లోకి రావడానికి వీలు కలిగింది. అందుకని క్యాప్షన్ మొదటి వాక్యాన్ని హ్యాష్‌ట్యాగులతో నింపకుండా, పాఠకుడు అడిగే ప్రశ్నలాగే, తెలుగు లిపిలో ఒకసారి, రోమన్‌లో ఒకసారి రాయాలని నిర్ణయించుకున్నాను. వ్యాసంలో మాత్రం రోమన్ స్పెల్లింగులు కుక్కను. చదివేవారి కంటికి అది నలుసులా తగులుతుంది.

ఈ ఆదివారం వంకాయ పేజీలను మిరప పద్ధతిలో తిరగరాస్తాను. వాటికి లింకులు ముందే ఉన్నాయి గనుక, రెండూ కలిసినప్పుడు 11 రోజుల కన్నా త్వరగా చేరతాయేమో చూడాలి. టమాటా పేజీలను డిసెంబరు దాకా కదిలించను. రోజూ ఇండెక్సింగ్ కోరే అలవాటునూ ఆపేసి, సర్వర్ లాగ్‌ను ప్రతి శనివారం ఒక్కసారే చూస్తాను. మిరప ఆకుముడత పేజీ చేరి నేటికి ఒక్క రోజే అయింది. వంకాయ పేజీ తొమ్మిది రోజులకు పోయింది కాబట్టి, నవంబరు 6 దాటాక ఆకుముడత పేజీ ఇంకా లోపలే ఉందో లేదో చూసి తరువాతి నమోదు రాస్తాను.