మొదటి కేసు

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన మూడో వారంలోనే నేను హోమ్ కేర్ డ్యూటీలో చేరాను. ఆసుపత్రుల్లో అడిగితే అనుభవం లేదన్నారు. ఏజెన్సీ వాళ్లు ఒక్క రోజు కూర్చోబెట్టి రూల్స్ చెప్పి, యూనిఫాం, బీపీ మిషన్ ఇచ్చి, మర్నాడే అడ్రస్ పంపారు. మల్కాజిగిరిలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు దాకా.

పేషెంట్ రైల్వేలో చేసి రిటైరైన తాతగారు. వయసు 74. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ముక్కులోంచి కడుపులోకి తిండి పంపే రైల్స్ ట్యూబ్, యూరిన్‌కి క్యాథెటర్ గొట్టం, నడుం కింద ఆసుపత్రిలో ఉండగానే పడ్డ బెడ్ సోర్, అంటే కదలకుండా పడుకోవడం వల్ల వచ్చే పుండు. షుగర్‌కి రెండు పూటలా ఇన్సులిన్. వీటిలో నేను చూడనిది ఏదీ లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఇంతకన్నా కష్టమైన పేషెంట్లను చూశాను. కానీ అక్కడ పక్క మంచం దగ్గరే సీనియర్ ఉంటుంది. "అక్కా, ఒక్కసారి చూడవా" అంటే వచ్చేస్తుంది. ఇక్కడ గదిలో తాతగారు, నేను, గోడ మీద ఒక కెమెరా. డల్లాస్‌లో ఉన్న కొడుకు అందులోంచి చూస్తుంటారు. మొదటి రోజు బీపీ చూస్తుంటే నా చేతులు వణికాయి. ఆయనకు కనిపించే ఉంటుంది.

తాతగారి భార్యను అమ్మగారూ అని పిలిస్తే, "మా మనవరాలి వయసు నీది, అమ్మమ్మా అను" అన్నారు. ఊరు అడిగారు, మహబూబాబాద్ దగ్గర అని చెప్పాను. నాన్న ఏం చేస్తారని అడిగారు. తర్వాత "మీరేమిట్లు?" అని కూడా అడిగారు. చెప్పాను. ఒక్క క్షణం ఆగి, వంటింట్లోకి వెళ్లి కాఫీ తెచ్చారు, తాను తాగే గ్లాసు లాంటిదే ఇంకో స్టీలు గ్లాసులో. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ గ్లాసు కూడా గుర్తుంది.

ఐదో రోజు జరిగింది చెప్పాలి. ఉదయం ఏడుంపావుకి బీపీ మాత్రలు నలిపి, నీళ్లలో కలిపి ట్యూబ్‌లో వేశాను. మెత్తగా నలగలేదు. తర్వాత పోయాల్సిన నీళ్లు కూడా సరిగ్గా పోయలేదు. ఏడున్నరకి షుగర్ చూసి ఇన్సులిన్ ఇచ్చేశాను. ఎనిమిదికి రాగి జావ పోద్దామని సిరంజి పెడితే చుక్క దిగడం లేదు. ట్యూబ్ మూసుకుపోయింది. ఇంట్లో ఇంకో ట్యూబ్ లేదు. ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లిపోయింది, కడుపులోకి తిండి వెళ్లే దారి లేదు. నోట్లో పోద్దామంటే ఆయనకు మింగడం రాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. కింద వాచ్‌మన్ కొడుకును ట్యూబ్ కోసం మెడికల్ షాపుకి పంపితే షాపు ఇంకా తెరవలేదని తిరిగొచ్చాడు. ఎనిమిదీ నలభైకి తాతగారి నుదుటి మీద చెమటలు. వేలికి గుచ్చి చూస్తే షుగర్ 58. డెబ్బై కంటే తగ్గితే ప్రమాదమని పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో. ఫోన్‌లో 108 నొక్కి పెట్టుకుని, సిరంజితో నీళ్లు గట్టిగా తోస్తున్నాను.

అప్పుడు అమ్మమ్మ గోరువెచ్చని నీళ్లు తెచ్చి పక్కన నిలబడ్డారు. "తోయకమ్మా. కొంచెం పోసి కాసేపు వదిలెయ్. మళ్లీ లాగు. ఆసుపత్రిలో సిస్టర్ అట్లనే చేసింది." అలాగే చేశాను. పోయడం, ఆగడం, లాగడం. నాలుగోసారికి తెల్లటి మాత్ర ముక్క సిరంజిలోకి వచ్చింది. మూడు చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్లలో కరిగించి ట్యూబ్‌లో పోశాను. పావుగంట తర్వాత 83. తర్వాత జావ, ఈసారి వడగట్టి. అంతా అయ్యాక డాక్టర్‌కి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కొడుక్కి కూడా నేనే చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. "రెండు ట్యూబులు తెప్పించి పెట్టండి" అన్నారు, అంతే.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ముందు సిరంజితో లాగి కడుపులోని నీరు వస్తోందా అని చూస్తాను. తర్వాత ముప్పై ఎం.ఎల్. నీళ్లు పోస్తాను, దిగితేనే ఇన్సులిన్. తల వైపు ఎత్తి పెట్టి ఫీడ్ ఇచ్చాక కనీసం అరగంట పడుకోబెట్టను. అన్నీ చదివినవే. కానీ వార్డులో ఆ క్రమం ఎవరో పెట్టి ఉంచేవారు, నేను అందులో నడిచేదాన్ని. ఇంట్లో క్రమం నేనే పెట్టాలి.

బెడ్ సోర్ సంగతి వేరు. అది ఓపికతో మానేది. మొదట కొలిచినప్పుడు నాలుగు సెంటీమీటర్లు, లోతు కూడా ఉంది. రోజూ సెలైన్‌తో కడిగి డ్రెస్సింగ్ చేసేదాన్ని. కానీ అసలు మందు రెండు గంటలకోసారి పక్కకు తిప్పడమే. ఆయన బరువు 70 కిలోలు, నాది 46. మొదటి రోజుల్లో భుజాలు పట్టుకుని లాగబోతే నా నడుం పట్టేసింది. అమ్మమ్మ తన పాత కాటన్ చీర నాలుగు మడతలు వేసి ఆయన కింద పరిచారు. ఇద్దరం చెరో కొస పట్టుకుంటే సులువుగా తిరిగేవారు. కాలెండర్ వెనక గీతలు గీసి టైమ్ రాసేవాళ్లం. రాత్రి గీతలు అమ్మమ్మవి. మోకాళ్ల నొప్పులతో రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి, చీర కొస ఒక్కరే లాగి, గీత గీసేవారు. ఒక్క రాత్రి కూడా ఖాళీ లేదు. కరెంటు పోయి ఎయిర్ బెడ్‌లో గాలి దిగిన రాత్రి గంటకో గీత ఉంది. మూడో నెలకి పుండు ఒక సెంటీమీటరుకి వచ్చింది. "ఈ ఘనత మీదే" అని కొడుకు నాతో అంటే, కాలెండర్ ఫొటో తీసి పంపించాను.

మధ్యలో వేరే టెన్షన్లు కూడా ఉన్నాయి. బంధువులొస్తే గిన్నెలు కడగమన్నారు ఒకరు. నేను కడగలేదు, అమ్మమ్మే వాళ్లకు చెప్పారు. జీతం రెండు నెలలు ఆలస్యమైంది. వాటి గురించి ఇంకోసారి రాస్తాను.

కొత్తగా పాసై ఈ పనికి వస్తున్న చెల్లెళ్లు అడుగుతున్నారు, రావచ్చా అని. కనీసం ఆరు నెలలు వార్డులో చేసి రండి. కుదరకపోతే, కేసు ఒప్పుకునే ముందు ఫైల్ అడగండి. ట్యూబులేమున్నాయి, ఇంట్లో స్పేర్ ఉందా, రాత్రి ఎవరు చూస్తారు, పిలిస్తే ఫోన్ ఎత్తే డాక్టర్ ఎవరు, ఇవి తెలియకుండా గడప దాటకండి. చేయని పని చేశానని చెప్పకండి. నాకు ఇప్పుడు ట్రకియాస్టమీ కేసు, అంటే ఊపిరి కోసం గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ పెట్టిన పేషెంట్‌ను, ఇస్తామంటున్నారు. ఆ ట్యూబ్‌లోంచి కఫం మిషన్‌తో లాగే సక్షన్ నేను చేసింది రెండుసార్లే. ముందు రెండు రోజులు చేసే వాళ్ల పక్కన నిలబడతానని అడిగాను. ఒక్క రోజు ఇస్తామన్నారు. రెండో రోజు నా సెలవులోంచి తీసుకుంటున్నాను.

నిన్న మల్కాజిగిరిలో నా ఆఖరి డ్యూటీ. పొద్దున అంతా అమ్మమ్మే చేస్తానన్నారు. నేను చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాను. మంచం తల వైపు ఎత్తారు. సిరంజి పెట్టి లాగి చూశారు. నీళ్లు పోశారు, దిగేదాకా చూస్తూ ఉన్నారు. తాతగారు ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి ఆమె చీర చెంగు పట్టుకున్నారు. "ఉండండి, అయిపోతోంది" అని, అప్పుడు ఇన్సులిన్ సీసా అందుకున్నారు.