బొమ్మలు రాకుండానే కామిక్ రాశాను – నా అనుభవం

బొమ్మ వెయ్యడం రానిదానివి కామిక్ ఎలా రాస్తావే అని ఇంట్లోనూ అడిగారు, బ్యాంకులో నా పక్క సీటు ఆవిడా అడిగింది. అప్పుడు నేను చెప్పిన పేరు హార్వీ పీకార్. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఊళ్లో మాజీ సైనికుల హాస్పిటల్‌లో ఫైళ్లు సర్దే గుమాస్తా, 2001లో రిటైరయ్యేదాకా అదే ఉద్యోగం, బొమ్మలు బొత్తిగా రావు. కాగితం మీద గడులు గీసుకుని, వాటిల్లో పుల్లల్లాంటి మనుషుల్ని నిలబెట్టి, పైన మాటలు రాసి ఆర్టిస్టుల చేతికిచ్చేవాడు. పాత జాజ్ రికార్డుల పిచ్చితో స్నేహితుడైన కామిక్ ఆర్టిస్ట్ రాబర్ట్ క్రంబ్ ఆ కాగితాలు చూసి నేను గీస్తానన్నాడు, 1976లో సొంత డబ్బు పెట్టుకుని ‘అమెరికన్ స్ప్లెండర్’ మొదటి సంచిక అచ్చేయించాడు పీకార్. అందులో ముసుగు వీరులు లేరు, ఎగిరే మనుషులు లేరు, ఆఫీసు కబుర్లు, సూపర్‌మార్కెట్ క్యూలో నిలబడ్డం, డబ్బుల ఇబ్బందులు, అంతే. 1987లో అమెరికన్ బుక్ అవార్డ్ వచ్చింది, టీవీలో కనిపించాడు, అయినా పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాడు. క్యాన్సర్ వస్తే దాని గురించి కూడా భార్య జాయిస్ బ్రాబ్నర్‌తో కలిసి కామిక్కే రాశాడు, అది 1994లో వచ్చింది. 2010లో పోయాడు. తన రోజువారీ బతుకే కథకి చాలు అని అంత గట్టిగా నమ్మినవాడిని నేను ఇంకొకర్ని చూడలేదు, నాకు ధైర్యం వచ్చింది ఆయన వల్లే.

నా కథ మా అమ్మమ్మది. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. అమ్మమ్మ వాళ్లది నాగాయలంక వైపు, ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికిన మనిషి. చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం కానీ ఫోన్‌లో రికార్డ్ చెయ్యడం మొదలెట్టాక తెలిసింది ఎన్ని సంగతులు మాకు చెప్పలేదో. "నీళ్లు వచ్చినట్టు లేదే, చీకటే లేచి మీదకొచ్చినట్టుంది" అంది ఒకసారి. ఆ మాట విన్నాక ఇది కథగా రాస్తే చాలదు, బొమ్మల్లోనే పెట్టాలి అనిపించింది, ఎందుకంటే చీకటి లేవడాన్ని నేను వర్ణించక్కర్లేదు, ఒక పేజీ మొత్తం నలుపు పెడితే చాలు.

స్క్రిప్ట్ రాయడానికి రెండు పద్ధతులు ఎక్కువగా వాడతారు. ఒకటి మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ వాళ్ల మార్వెల్ పద్ధతి, కథ టూకీగా చెప్తే ఆర్టిస్ట్ పేజీలు గీసుకొస్తాడు, మాటలు తర్వాత పెడతారు. రెండోది ఫుల్ స్క్రిప్ట్, ఏ పేజీలో ఎన్ని గడులు, ఒక్కో గడిలో ఎవరు ఏం చేస్తున్నారు, ఏం అంటున్నారు అన్నీ ముందే రాయాలి. నేను ఫుల్ స్క్రిప్టే రాశాను, పీకార్ లాగా పుల్లల మనుషుల్ని కూడా గీసుకున్నాను, ఆ గీతలే నాకు పని నేర్పాయి. "అమ్మమ్మ లేచి, తలుపు తీసి, బయటికి చూసింది" అని రాయడానికి ఒక్క వాక్యమే, గీయబోతే మూడు బొమ్మలు, మరి ఆ మూడిట్లో ఏది ఉంచాలి? నేను తలుపు గడియ మీద చెయ్యి ఒక్కటే ఉంచాను. మిగతాది గడికీ గడికీ మధ్య ఉన్న తెల్ల సందులో చదివేవాళ్లే జరిపించుకుంటారు. కామిక్ రాసేవాళ్ల అసలు పని ఈ ఏరుకోవడమే అని నాకు గట్టిగా అనిపిస్తుంది, డైలాగులు రాయడం దాని తర్వాతే.

ఇంకోటి పేజీ తిప్పడం. పుస్తకంలో కుడివైపు వచ్చేది బేసి పేజీ, అది తిప్పితేనే సరి పేజీ కనపడుతుంది, కాబట్టి ఉప్పెన వచ్చే బొమ్మ సరి పేజీలోనే పడాలి, లేకపోతే ముందే కళ్లబడిపోయి ఆ దెబ్బ తగలదు. దీనికోసం ముందు పేజీల్లో గడులు అటూ ఇటూ జరుపుతూ చాలా రాత్రిళ్లు కూర్చున్నాను.

ఆర్టిస్ట్ హైదరాబాద్‌లో యానిమేషన్ చదివిన కుర్రాడు, తెలిసినవాళ్ల ద్వారా దొరికాడు. స్క్రిప్ట్ చదివి అతను అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి, "అక్కా, ఇల్లు తాటాకుదా పెంకుదా? తాడిచెట్టు ఇంటికి ఎంత దూరం? అమ్మమ్మగారికి అప్పుడు జడా ముడా?" నేను అమ్మమ్మని అడిగి చెప్పేదాన్ని, ఊరు వెళ్లి గట్లు, పంట కాలవలు, తాడి తోపులు ఫోటోలు తీసి పంపేదాన్ని. స్క్రిప్ట్ పాఠకుల కోసం కాదు, అది ఆ ఒక్క ఆర్టిస్ట్‌కి రాసే ఉత్తరం అని అప్పుడు అర్థమైంది, అందుకే తర్వాత ఏ గడి రాసినా అతనికి చెప్తున్నట్టే రాశాను.

మాటల దగ్గర బాగా టైం పట్టింది. ఇంగ్లిష్ కామిక్స్‌లో మోర్ట్ వైజింగర్ అనే ఎడిటర్ లెక్క ఒకటి కామిక్ రచయిత అలన్ మూర్ చెప్తుంటాడు, పేజీకి ఆరు గడులైతే గడికి 35 మాటలు, ఒక్క బెలూన్‌లో, అంటే మనిషి మాట రాసే బుడగలో, 25 మాటలు దాటకూడదని. తెలుగుకి ఈ లెక్క కుదరదు, మన మాట ఒక్కటే బెలూన్ అంత పొడుగు ఉంటుంది, "కొట్టుకుపోయాడనుకున్నాను" అంటే ఒక్క మాటేగా. పైన గుడులు, కింద ఒత్తులు, వరసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. అందుకని మాటలు లెక్కపెట్టడం మానేసి బెలూన్‌కి మూడు వరసలు అని పెట్టుకున్నాను. ఫాంట్ ఉచితంగా దొరికే మండలి వాడాం. పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటాయి, ఆ సౌకర్యం ఉన్న వెర్షన్ అయితే సెట్టింగ్స్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషలది (మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్) పెట్టుకుంటే సరిపోతుంది. ఇది తెలీక చాలామంది తెలుగులో కామిక్ కుదరదు అనేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఒక పబ్లిషర్ వేస్తామన్నారు కానీ హక్కులన్నీ ఎప్పటికీ వాళ్లవే, కవర్ మీద ఆర్టిస్ట్ పేరు ఉండదు అన్నారు. నేను ఒప్పుకోలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి, ఎంతకాలం అని రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడెక్కడ అని రాయకపోతే మన దేశం వరకే. నేను, ఆ కుర్రాడు ఇదంతా చదువుకుని మా మధ్య కూడా కాగితం రాసుకున్నాం, కథ నాది, బొమ్మలు అతనివి, పేజీకి ఇంత అని అతనికి ముందే ఇవ్వాలి, మళ్లీ అచ్చేస్తే వచ్చేది ఇద్దరికీ సగం సగం. కవర్ మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజు.

అచ్చు విజయవాడలోనే. సెంటర్ పిన్ పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, అందుకని చివర్లో రెండు పేజీలు మిగిలితే వాటిల్లో దివిసీమ మ్యాప్, అమ్మమ్మ ఫోటో పెట్టాం. ఐఎస్‌బిఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, కేంద్ర ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే చాలు, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి.

పుస్తకం అవనిగడ్డలో ఇచ్చినప్పుడు పెద్దవాళ్లు నిలబడి చదివారు, ఒకాయన నల్ల పేజీ దగ్గర ఆగి తన వాళ్ల పేర్లు చెప్పడం మొదలెట్టాడు. ఇప్పుడు రెండో భాగం రాస్తున్నాను, ఉప్పెన తర్వాత సహాయ శిబిరాల గురించి. గంజి వార్చినవాళ్లు, శవాలు మోసినవాళ్లు, బయట ఊళ్లనుంచి వాలంటీర్లుగా వచ్చిన కాలేజీ పిల్లలు, ఎవరైనా మీ ఇళ్లల్లో ఉంటే దయచేసి వాళ్లతో మాట్లాడండి, రికార్డ్ చెయ్యండి. నాకు అన్నిటికన్నా ముందు కావాల్సింది వాళ్లు అప్పుడు ఏం కట్టుకున్నారు, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఆర్టిస్ట్ అడిగేది అవే.